మెట్లు దిగి ఎక్కేంతసేపు

సింకు అడుగున గోధుమరంగు నురగ ఇంకా గిర్రున తిరుగుతోంది. పొద్దున్నే లేచి కాచి వడగట్టిన ఎనిమిది లీటర్ల టీ, చుక్క మిగలకుండా కాలవలోకి పోయింది. అమ్మ ఖాళీ గిన్నెను బోర్లించి, చేతులు తుడుచుకుని, ఏమీ జరగనట్టు కిటికీ పక్కన స్టూలు మీద కూర్చుంది.

"అమ్మా! ఏం చేశావో తెలుస్తోందా నీకు?"

అమ్మ పలకలేదు.

"నిన్నే అడుగుతున్నాను. మతి ఉండే చేశావా?"



బుల్లికి ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. ముప్పై ఆరేళ్ళ మనిషి. ఇంట్లోనూ హోటల్లోనూ ఇంకా బుల్లి అనే పిలుస్తారు గానీ, స్టేషన్ ఎదుటి హోటల్లో బార్ కౌంటర్ వెనక నాన్న పక్కన పదకొండేళ్ళు నిలబడ్డ మనిషి. నాన్న కౌంటర్ వదిలేసిన ఈ ఆరు నెలలూ ఆమె ఎదురుచూసింది ఈ ఒక్క రోజు కోసమే.

హోటల్ హాలుకు మరమ్మతులు పూర్తయ్యాయి. సాయంత్రం నాలుగింటికి పాతవాళ్ళందరినీ పిలిచి మళ్ళీ తలుపులు తెరుస్తున్నారు. వచ్చేవాళ్ళు అడిగింది ఒక్కటే, మేస్త్రి పంచ్ ఉంటుందా అని. మేస్త్రి అంటే నాన్నే. వెడల్పాటి గాజు తొట్టిలో టీ, రమ్, నిమ్మ, పంచదార కలిపి, పైన జాజికాయ గీరి, గరిటెతో గ్లాసుల్లో పోసే ఆ పంచ్ కోసం ఎక్కాల్సిన రైళ్ళు వదులుకున్నవాళ్ళున్నారు.

హోటల్ యజమానురాలు మాట దాచుకునే మనిషి కాదు. "నీ చేత్తో మీ నాన్న పంచ్ కుదిరిందా, కౌంటర్ నీది. కుదరలేదా, సీసాల్లో కలిపి పంపే కంపెనీవాళ్ళు తయారుగా ఉన్నారు" అని మొహం మీదే చెప్పింది.

ఇప్పుడు పదకొండైంది. రెండింటికి వ్యాను వస్తుంది. సింకులో నురగ కూడా లేదిప్పుడు.

"ఏమిటా గోల?" అంటూ నాన్న ముందుగదిలోంచి వచ్చాడు. బోర్లించిన గిన్నె చూశాడు. సింకు చూశాడు. చెప్పకుండానే అర్థమైంది.

"పారబోశావా? అంతా?"

అమ్మ కిటికీలోంచి బయటికి చూస్తోంది.

"నేను రుచి చూసి బాగుందన్న టీని పారబోయడానికి నువ్వెవరివే?" నాన్న ఒంటికాలి మీద లేచాడు. "ముప్పై రెండేళ్ళు ఆ కౌంటర్ మీద బతికినవాణ్ణి. నాకు తెలియదూ, నీకు తెలుసా?"

అప్పుడు అమ్మ తల తిప్పింది.

"నేనెవరినా?" అంది.

 కుళాయి చుక్కలు చుక్కలుగా కారుతోంది. నాన్న వెళ్ళి కుళాయి గట్టిగా తిప్పి వచ్చాడు. అవసరానికి ఏ పనీ దొరకనప్పుడు మగవాళ్ళు కుళాయిలు తిప్పుతారు కాబోలు.

సరిగ్గా ఆ సమయానికి పిన్ని ఊడిపడింది. అమ్మకి చెల్లెలు, రెండో అంతస్తులో ఉంటుంది, బట్టలు కుడుతుంది. మెడలో కొలతల టేపు, చేతిలో పెద్ద బేసిన్. బేసిన్ నిండా పంచదారలో నలిపిన నిమ్మతొక్కలు. తొక్కల్లోని నూనె దిగి పంచదార తడిగా మెరుస్తోంది. వంటిల్లంతా ఒక్కసారిగా నిమ్మ వాసన.

"ఇదిగో, నలిపి నలిపి వేళ్ళు పడిపోయాయి. సూది పట్టుకుంటే జారిపోతోంది, ఇవాళ ఎవరి బ్లౌజుకి చేతులు తారుమారవుతాయో..." అంటూనే ముగ్గురి మొహాలూ చూసింది. "ఎవరు పోయారర్రా?"

"టీ పోయింది పిన్నీ" అంది బుల్లి. "అమ్మ పారబోసింది."

"అక్కా! నీకేమైనా గాలి సోకిందా?"

"చేదుగా ఉంది. పారబోశాను" అంది అమ్మ. పొద్దున్నుంచీ ఆమె నోట వచ్చిన మొదటి పూర్తి మాట అది.

"చేదేమిటి చేదు!" బుల్లి గొంతు లేచింది. "నాన్నకి మూడుసార్లు ఇచ్చాను. మొన్నొకసారి, నిన్నొకసారి, ఇవాళ పొద్దున్న. మూడుసార్లూ బాగుందన్నాడు. నాకే కొంచెం నాలిక గరగరలాడినట్టనిపించింది. నాన్న బాగుందన్నాక నా నాలిక ఏపాటిదిలే అనుకున్నాను."

అమ్మ నాన్న వంక చూసింది. నాన్న గోడకున్న గడియారం వంక చూశాడు.

"ఏవండీ" అంది అమ్మ మెల్లగా. "మీరు చెప్తారా, లేదా?"

"ఏముంది చెప్పడానికి?"

"సరే అయితే."

అమ్మ మళ్ళీ కిటికీ వైపు తిరిగిపోయింది. నెత్తీ నోరూ కొట్టుకున్నా ఇక పెదవి విప్పదని బుల్లికి తెలుసు. ఆమె మౌనం అలాంటిది, తలుపుకి లోపలి గడియ.

ఆ గడియ తీసింది పిన్ని. ఆవిడకి కడుపులో మాట నిలవదు.

"బావగారూ, మీరు కోప్పడనంటే ఒక మాట. మొన్న ఇక్కడ పాలు మాడి మసైపోతుంటే ఆ కంపు కింద నా గదిలోకొచ్చింది. పరుగెత్తుకుంటూ వచ్చి చూస్తే, మీరు ఇదిగో, ఈ కుర్చీలోనే, పొయ్యికి మూరెడు దూరంలో కూర్చుని పేపరు చదువుకుంటున్నారు. పొయ్యి నేనే ఆపాను. మీరు నన్ను చూసి 'ఏం మరదలా, ఇలా వచ్చావ్' అన్నారు."

ఎవరూ నవ్వలేదు.

 నాన్న ముక్కు అంటే హోటల్లో పేరు. సీసా మూత తియ్యకముందే లోపలున్నది పాడైందని చెప్పేవాడు. జాజికాయ పాతదైతే గీరకుండానే పక్కన పడేసేవాడు. ఆ ముక్కు పక్కన పాలు మాడిపోయాయా?

"నాన్నా?"

నాన్న కుర్చీలో కూర్చున్నాడు. చొక్కా గుండీ ఒకటి తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు.

"జ్వరం వచ్చింది కదా నాకు, ఎనిమిది నెలల కిందట" అన్నాడు. "తగ్గింది. అది పోతూ పోతూ వాసనా రుచీ పట్టుకుపోయింది. వస్తుంది వస్తుందని రెండు నెలలు చూశాను. రాలేదు. తీపి తెలుస్తుంది, ఉప్పు తెలుస్తుంది. మిగతాదంతా వేడినీళ్ళే నాకు."

"అందుకేనా కౌంటర్ వదిలేశావు? వయసైపోయింది, ఇక చాలు అన్నావు?"

"మరేమనను? మేస్త్రికి ముక్కు లేదని బోర్డు కట్టమంటావా?"

"నాతోనైనా చెప్పొచ్చుగా!"

"నీతోనే ఎలా చెప్పను?" అన్నాడు నాన్న. "నువ్వు గ్లాసు తెచ్చి నా మొహంలోకి చూస్తూ నిలబడతావు, చిన్నప్పుడు పలక తెచ్చినట్టు. తెలియదు తల్లీ అనడానికి నోరు రాలేదు. బాగుంది అన్నాను. నా కూతురు చేసింది బాగుండకేం అనుకున్నాను."

బుల్లికి ఆయన మీద కోపం రావాలి. రాలేదు. సిగ్గేసింది, తన నాలిక తనకి సరిగ్గానే చెప్పినా వినిపించుకోనందుకు.

"నీకు తెలుసన్నమాట" అంది అమ్మతో.

"ఇంట్లో ఉండే మనిషికి తెలియదా? కూరలో ఉప్పు తప్ప ఇంకేమీ అడగడం మానేశారు. ఎవరికీ చెప్పొద్దన్నారు. చెప్పలేదు."

"పారబోసే బదులు నాకో మాట చెప్తే ఏం?"

"ఏమని చెప్పను? మీ నాన్న బాగుందన్నది బాగోలేదని చెప్తే, ఎందుకు బాగుందన్నాడని అడగవూ?"

పిన్ని ముక్కు చీదింది. "ముక్కు పోయినా దాని మీది కోపం మాత్రం చెక్కు చెదరలేదు బావగారికి" అంది. ఈసారి నాన్న కూడా పెదవి చివర కొంచెం నవ్వాడు.

అమ్మ నవ్వలేదు. ఆమె దగ్గర ఇంకొకటి మిగిలి ఉంది.

"టీ ఎవరు కాయాలని నన్నెవరైనా అడిగారా ఈ ఇంట్లో?" అంది.

అడగలేదు. నిజమే. హోటల్ నీళ్ళు ఉప్పన, అక్కడ కాస్తే టీ రంగు చచ్చి మట్టినీళ్ళలా ఉంటుంది. అందుకని ముప్పై రెండేళ్ళూ పంచ్ కోసం టీ ఈ వంటింట్లోనే, ఈ పొయ్యి మీదే, అమ్మే కాచింది. నాన్న మధ్యాహ్నం డ్యూటీకి వెళ్తూ స్టీలు క్యానులో పట్టుకెళ్ళేవాడు. కౌంటర్ మీద అమ్మ మాట ఎప్పుడూ రాలేదు. అమ్మ కూడా ఆ హోటల్ గుమ్మం ఎప్పుడూ తొక్కలేదు.

"వీడ్కోలు రోజున మైకు పట్టుకుని అందరికీ దండం పెట్టారట" అంది అమ్మ, ఎవరివంకా చూడకుండా. "నిమ్మకాయలవాడికి. గ్లాసులు కడిగేవాళ్ళకి. ఐసు తెచ్చేవాడి పేరు కూడా చెప్పారట. మా చెల్లి విని వచ్చి చెప్పింది."

పిన్ని నేల చూపులు చూసింది. నాన్న మళ్ళీ చొక్కా గుండీ తడుముకున్నాడు. 

బుల్లి వెళ్ళి అమ్మ స్టూలు పక్కన నేల మీద కూర్చుంది.

"అడుగుతున్నానమ్మా. ఇప్పుడు అడుగుతున్నాను. కాస్తావా?"

అమ్మ కూతురి నెత్తి మీద చెయ్యి పెట్టలేదు గానీ, బుల్లి పట్టుకున్న చేతిని వెనక్కి తీసుకోనూ లేదు.

"ఎంతసేపు నానబెట్టావు ఆకుని?" అంది చివరికి.

"నాన్న చెప్పినంతసేపే. నువ్వు కిందికెళ్ళి ఉత్తరాల పెట్టె చూసుకుని పైకొచ్చేంతసేపు. అదేగా మనింటి లెక్క? మొన్న నువ్వు దిగినప్పుడు ఫోన్లో టైము పెట్టి చూశాను. తొమ్మిది నిమిషాలు. సరిగ్గా తొమ్మిది పెట్టాను."

అమ్మ ఆమె వంక తేరిపార చూసింది. తర్వాత ఒక చిత్రమైన చప్పుడు చేసింది. అది నవ్వని తెలియడానికి అందరికీ ఒక క్షణం పట్టింది.

"పిచ్చిదానా!" అంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మొన్న దిగింది ఈ ఆరు నెలల్లో మోకాళ్ళు పట్టేసిన ముసల్ది. ప్రతి మెట్టుకీ దేవుణ్ణి తలుచుకుంటూ దిగాను. ఆ లెక్క కట్టింది ముప్పై ఏళ్ళ మనిషి!"

బుల్లి చేత్తో నోరు మూసుకుంది.

చిన్నప్పుడు ఎన్నిసార్లు దిగిందో అమ్మ వెనక. మూడు అంతస్తులు, యాభై నాలుగు మెట్లు. మరుగుతున్న నీళ్ళు దించి, ఆకు వేసి, మూత పెట్టి, మూత మీద తువ్వాలు కప్పి అమ్మ బయల్దేరేది. మధ్యాహ్నపు ఎండ మెట్ల మీద పలకలు పలకలుగా పడి ఉండేది. అమ్మ జడ నడుం మీద ఇటూ అటూ ఊగేది. బుల్లి ఆ జడ కొసనే చూస్తూ దిగేది. పైకొచ్చి మూత తీయగానే ఆవిరిలోంచి ఒక వాసన లేచేది, ఎండిన గడ్డి మీద వాన పడ్డట్టు. ఇంట్లో ఇంకెప్పుడూ, ఇంకే వంటకీ ఆ వాసన వచ్చేది కాదు. అప్పటి అమ్మ వయసు ఇప్పటి తన వయసు కన్నా తక్కువ.

"లే" అంది అమ్మ, తనూ లేస్తూ. "నీళ్ళు పెట్టు. ఘాటు కావాలంటే ఆకు ఎక్కువెయ్యాలి గానీ, ఎక్కువసేపు ఉంచకూడదు. ఎక్కువసేపు ఉంచితే వచ్చేది ఘాటు కాదు, చేదు. అది రమ్ములో కలిస్తే గొంతుకి అడ్డం పడుతుంది."

"అలారం పెడతానమ్మా. నాలుగు నిమిషాలు చాలా?"

"నాలుగో, అయిదో నాకేం తెలుసు? నేనెప్పుడైనా గడియారం చూశానా? మెట్లు తెలుసు నాకు."

"మధ్యమధ్య చెంచాతో తీసి చూస్తే?"

"మూత తీస్తే వాసన పోతుంది. మూత తియ్యకూడదు."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అమ్మ కాళ్ళకి మెట్లు కష్టం. దిగినా ఆ వేగం ఇక రాదు.

"నేను దిగుతాను" అంది బుల్లి. "ఎలా దిగేదానివో చెప్పు."

"పరుగెత్తకూడదు. నేనెప్పుడూ పరుగెత్తలేదు. అలాగని షికారుకి వెళ్ళినట్టూ కాదు. రెండో అంతస్తులో మీ పిన్నితో ఒక మాట. కింద పెట్టె తెరిచి చూసి మూసెయ్యి. ఎక్కేటప్పుడు ఎక్కడా ఆగకూడదు."

"ఒక మాట కాదు, మూడు" పిన్ని అందుకుంది. "'ఏం కుడుతున్నావే? తిన్నావా? సరే, వస్తా.' రోజూ అవే మూడు. నా జవాబు వినేది కాదు మహాతల్లి. ఉండు, నేను కిందికెళ్ళి నా గుమ్మంలో నిలబడతాను."

నీళ్ళు మరిగాయి. అమ్మ పొయ్యి ఆపింది, పెద్ద గిన్నె దించమంది, ఆకు గుప్పిళ్ళతో కొలిచి తనే వేసింది. మూత పడింది. తువ్వాలు పడింది.

"పో" అంది.

బుల్లి గుమ్మం దాటుతుంటే నాన్న వెనకనుంచి పిలిచాడు.

"ఆగు. కూనిరాగం తీస్తూ దిగేది."

అమ్మ చటుక్కున తిరిగింది. "ఎవరు?"

"నువ్వే. డ్యూటీకి బట్టలు వేసుకుంటూ వినేవాణ్ణి. దిగేటప్పుడు రాగం, ఎక్కేటప్పుడు ఉండేది కాదు. పై మెట్ల మీద నీ అడుగులు వినపడగానే లేచి క్యాను మూత తీసి పెట్టేవాణ్ణి."

"మూత నేనే తీసేదాన్ని అనుకున్నాను ఇన్నాళ్ళూ" అంది అమ్మ.

బుల్లి దిగింది. పరుగెత్తలేదు. నోటికొచ్చిందేదో కూనిరాగం తీసింది. రెండో అంతస్తులో పిన్ని మెడలో టేపుతో, పరీక్ష రాస్తున్నట్టు నిటారుగా నిలబడి ఉంది.

"ఏం కుడుతున్నావే?"

"పరాయివాళ్ళ పెళ్ళికి గౌను!"

"తిన్నావా?"

"ఇంకా లేదు..."

"సరే, వస్తా."

"అచ్చం అక్కే!" వెనకనుంచి పిన్ని అరిచింది. "ఇదిగో, జవాబు విననేలేదు!"

కింద పెట్టె తెరిచింది. ఖాళీ. మూసింది. ఎక్కింది. ఎక్కడా ఆగలేదు. మూడో అంతస్తుకి వచ్చేసరికి గుండె దడదడలాడుతోంది. గుమ్మంలో అమ్మ గోడ పట్టుకుని నిలబడి, అడుగులు లెక్కపెడుతున్నట్టు తలూపుతోంది. అమ్మ వెనక నాన్న ఉన్నాడు. గిన్నె మూత మీద ఆయన చెయ్యి ఉంది. తీసేశాడు.

ఆవిరి లేచింది. బుల్లి గుమ్మంలోనే ఆగిపోయింది. అదే వాసన. ఆరు నెలల తర్వాత, అదే.

నాన్న ఆవిరిలో మొహం పెట్టి కళ్ళు మూసుకున్నాడు. తెరిచి, ఏమీ అనకుండా పక్కకి జరిగాడు.

వడగట్టారు. బుల్లి ఫ్రిజ్ తలుపు తెరవబోతే అమ్మ చెయ్యి మీద ఒక్కటి వేసింది.

"వేడి టీ ఫ్రిజ్‌లో పెడితే మబ్బు పడుతుంది. గాజు తొట్టిలో పోస్తే బురదలా కనపడుతుంది. దానంతట అది చల్లారాలి."

వెడల్పాటి పళ్ళాలన్నీ తీసి టీ పలచగా పోసి కిటికీ కింద వరసగా పెట్టారు. ఫ్యాను వేశారు. పిన్ని అట్టముక్కతో విసురుతూ, జన్మలో టీకి విసనకర్ర పడతాననుకోలేదంది. అందరూ ఆ పళ్ళాల చుట్టూ పసిపిల్ల నిద్రపోతున్నట్టు మెల్లగా మాట్లాడుకున్నారు. నాన్న పాత కౌంటర్ కబుర్లు చెప్పాడు. మంచుకి రైళ్ళు ఆగిపోయిన రోజున పంచ్ వేడిగా ఇచ్చిన సంగతి చెప్పాడు. తనకి పని నేర్పిన పెద్దాయన తొట్టి చుట్టూ ఎడమ నుంచి కుడికే గరిటె తిప్పనిచ్చేవాడట. ఎందుకని అడిగితే, ఎందుకో తెలిసేదాకా తిప్పమన్నాడట.

"తెలిసిందా?" అంది బుల్లి.

"ఇంకా లేదు" అన్నాడు నాన్న.

ఒంటిగంటన్నరకి టీ చల్లారింది. రాగిరంగులో, అడుగున పళ్ళెం గీతలు కనపడేంత తేటగా ఉంది.

బుల్లి ముందు చిన్న జగ్గులో కలిపింది. నిమ్మతొక్కల పంచదార కరిగించింది, రసం పిండింది, టీ పోసింది, ఆఖరున రమ్. జాజికాయ రెండు గీతలు గీరింది. అలవాటు కొద్దీ గ్లాసు పట్టుకెళ్ళి నాన్న ముందు పెట్టింది.

నాన్న ముట్టుకోలేదు.

"ముందు నువ్వు తాగు. నీకెలా ఉంది?"

బుల్లి ఒక గుక్క తాగింది. నాలిక మీద పెట్టుకుని నిలబడింది. ఎవరి మొహంలోకీ చూడలేదు.

"పులుపు చాలదు" అంది. ఇంకో అరచెక్క పిండింది. మళ్ళీ తాగింది. "ఇప్పుడు సరిపోయింది."

"అమ్మకివ్వు" అన్నాడు నాన్న.

"అక్కకా!" పిన్ని కెవ్వుమంది. "వాసన పడితేనే ముక్కు మూసుకుంటుంది, దానికేం తెలుసు ఆ రుచి?"

అమ్మ గ్లాసు అందుకుంది. చిన్న గుక్క తీసుకుంది. గ్లాసు దించలేదు. ఇంకో గుక్క తీసుకుంది.

"ఇదే" అంది.

"ఇదేనని నీకెలా తెలుసు?" నాన్న నెమ్మదిగా అడిగాడు.

అమ్మ గ్లాసులోకి చూస్తూ చెప్పింది. "డ్యూటీ నుంచి వస్తూ ఫ్లాస్కులో కొంచెం తెచ్చి ఇక్కడ గట్టు మీద పెట్టేవారు కదా, నా టీ ఏమైందో చూడమని."

"నాకొద్దా కంపు అనేదానివి. పొద్దున చూస్తే ఫ్లాస్కు కడిగి బోర్లించి ఉండేది. పారబోస్తున్నావనుకున్నాను."

"పారబోసి కడిగితే ఒక పని, తాగి కడిగితే ఒక పనా?"

 నాన్న మొహం చూసి తీరాల్సిందే. ముప్పై రెండేళ్ళు తన భార్య తన పనిని అసహ్యించుకుంటోందని లోలోపల కుమిలిన మనిషి మొహం అది.

"ముప్పై రెండేళ్ళా!" అంది పిన్ని. "నాకైనా ఒక్క గుక్క పొయ్యలేదు కదే రాక్షసీ!"

అప్పుడే ఫోను మోగింది. యజమానురాలు. బుల్లి స్పీకరు నొక్కింది.

"వ్యాను బయల్దేరింది బుల్లీ. మేస్త్రిగారికి గుర్తు చెయ్యి. ఎప్పటిలాగే మొదటి గ్లాసు ఆయనే, అందరి ముందూ. రుచి చూసి, ఎలా ఉందో ఆయన నోటితో ఆయనే చెప్పి, గరిటె నీ చేతికివ్వాలి. అప్పుడే నలుగురూ ఒప్పుకుంటారు."

ఫోను పెట్టేసింది. బుల్లి నాన్న వైపు చూడలేకపోయింది. ఆ ఆచారం ఆయన పెట్టిందే. ఆయన మాట చెప్పందే తొట్టిలో గరిటె మునగదు.

"బాగుంది అంటే చాలుగా బావగారూ" అంది పిన్ని. "ఒక్క ముక్క. నిజంగానే బాగుంది కూడానూ. అబద్ధం కాదు కదా."

"నేను చెప్తే అబద్ధమే" అన్నాడు నాన్న. "నాకు తెలియనిది తెలిసినట్టు మూడుసార్లు చెప్పాను. బిడ్డ కష్టం సింకు పాలైంది. నాలుగోసారి చెప్పను."

"అయితే వెళ్ళవా?" అంది బుల్లి.

నాన్న అమ్మ చేతిలోని గ్లాసు తీసుకుని ఒక గుక్క తాగాడు. ఎప్పటిలాగే నోట్లో అటూ ఇటూ తిప్పాడు. మింగాడు. తల అడ్డంగా ఊపాడు.

"ఎలా ఉందో చెప్పు" అన్నాడు అమ్మతో.

"నాకేం మాటలొచ్చు?"

"వచ్చినవే చెప్పు."

అమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంది, అవి తడిగా లేకపోయినా.

"ముందు నిమ్మ" అంది. "అది వెంటనే పోతుంది. తర్వాత తీపి. తీపి పోతూ ఉండగా వెనకనుంచి టీ వస్తుంది, నాలికని కొంచెం పట్టి వదులుతుంది. గిల్లినట్టు కాదు, చెయ్యి పట్టుకున్నట్టు. ఆ పట్టు లేకపోతే రమ్ మండుతుంది. ఉంది కాబట్టి వెచ్చగా దిగుతుంది. ఆఖరున జాజికాయ. మీరు డ్యూటీ నుంచి వచ్చి చొక్కా విప్పితే దానికుండే వాసన."

నాన్న కళ్ళు మూసుకుని విన్నాడు. చెంపల మీదికి నీళ్ళు కారాయి. తుడుచుకోలేదు.

"ఈ మాటలే అక్కడ చెప్పు" అన్నాడు.

"ఎక్కడ?"

"హోటల్లో. కౌంటర్ ముందు. నాతో రా. నాకు రుచి పోయిందని నేను చెప్తాను. ఇన్నేళ్ళూ ఆ టీ ఎవరిదో కూడా చెప్తాను. గ్లాసు నువ్వెత్తు."

"నేను చెప్తే ఎవరు వింటారు అక్కడ?"

"నేను వింటాను" అన్నాడు నాన్న. "నాకు తెలియాలిగా."

కింద వ్యాను వచ్చి ఆగిన చప్పుడైంది. పిన్ని కిటికీలోంచి తొంగి చూసి, వస్తున్నామని చెయ్యి ఊపింది. బుల్లి క్యానుల మూతలు బిగించడం మొదలుపెట్టింది. పంచ్ కుదిరింది. గరిటె తన చేతికి వస్తుందో రాదో ఇప్పుడు అమ్మ నోటి మాట మీద ఉంది.

అమ్మ నాన్నని చూస్తూ చాలాసేపు నిలబడింది. ఔననలేదు, కాదనలేదు. మోకాలు పట్టుకుని మెల్లగా గదిలోకి నడిచి, తలుపు వేసుకుంది.

"బట్టలు మార్చుకోవడానికి వెళ్ళిందా?" బుల్లి గుసగుసగా అడిగింది.

"ఏమో" అన్నాడు నాన్న, మూసిన తలుపునే చూస్తూ. "నలభై ఏళ్ళయింది. ఆ తలుపు వెనక ఏముందో నాకెప్పుడూ తెలియలేదు."

లోపల గడియ పడింది. కింద వ్యాను హారన్ కొట్టింది.